ఘనీ బండి మీది కాశ్మీర్ కాయలు

ఎల్లారెడ్డి బస్టాండు గేటు పక్కన వేపచెట్టు నీడ పడే జాగా ఘనీది. కాగితం మీద కాదు, అలవాటు మీద. అతని తండ్రి అక్కడే గంపలో అరటిపండ్లు పెట్టుకొని కూర్చునేవాడు. తండ్రి పోయాక ఘనీ తోపుడుబండి తెచ్చుకున్నాడు. కామారెడ్డి బస్సు ఎక్కేవాళ్లు, ఆస్పత్రిలో ఎవరినో చూడబోయేవాళ్లు, బిడ్డ ఇంటికి పోయే ముసలమ్మలు ఆ బండి దగ్గర ఒక్క నిమిషం ఆగకుండా పోయేవారు కాదు.

ఆ మే నెలలో సరిహద్దు మీద కాల్పులు ఆగిపోయాయి గానీ టీవీలో ఆగలేదు. ఎదురుగా రాజన్న చాయ్ హోటల్లో పొద్దున పెట్టిన టీవీ పొద్దుగూకే దాకా అరుస్తూనే ఉండేది. కాశ్మీరు సంగతి మేము కూర్చోబెట్టి తేలుస్తామని ఒక పెద్ద దేశం ముందుకొచ్చింది. అక్కర్లేదు, అది మా ఇద్దరి మధ్య మాట, మూడోవాడికి అందులో పని లేదని ఢిల్లీ తెగేసి చెప్పింది. టర్కీ అవతలివాళ్ల పక్షాన మాట్లాడింది. దాంతో ఢిల్లీకి కోపం వచ్చి, ఆ దేశంతో సంబంధమున్న ఒక కంపెనీని విమానాశ్రయాల పని నుంచి తప్పించింది. ఆ వెంటనే పెద్ద ఊళ్ల వ్యాపారులు ఆ దేశపు ఆపిల్ పండ్లు ముట్టబోమని ప్రకటించారు.

సర్కారు మీద సర్కారుకు కోపం రావడం ఘనీకి అర్థమయ్యే సంగతే. ఇంటి గొడవలో పక్కింటివాడు వేలు పెడితే ఎవరికి రాదు? అర్థం కానిదల్లా ఒక్కటే. అంత ఎత్తున మొదలైన కోపం అన్ని మెట్లు దిగి వచ్చి తన బండి దగ్గరే ఎందుకు ఆగింది?

ఆగిన రోజు మంగళవారం. ఎండ ఇంకా ముదరలేదు. బస్టాండు పక్క సందులో ఫోన్ల దుకాణం నడిపే మల్లేష్, వెంట నలుగురైదుగురు పిల్లగాండ్లు, అందరి చేతుల్లో ఫోన్లు. మల్లేష్ బండి మీది ఆపిల్ పండు ఒకటి తీసి ఎత్తి పట్టుకున్నాడు.

"ఏయ్ ఘనీ, ఏం కాయ ఇది?"

నిన్నటిదాకా చాచా అని పిలిచిన నోరు అది. ఘనీ ముందు ఆ పిలుపునే విన్నాడు, ప్రశ్న తరువాత చెవికెక్కింది.

"సేబుపండు. తింటవా?"

"తింటవా అని నన్నడుగుతుండు, సూడుండ్రి!" మల్లేష్ పండు మీది స్టిక్కరును గోటితో ఊడదీసి ఫోనుకు చూపించాడు. ఎర్రటి చిన్న చుక్క, మధ్యలో తెల్లటి నెలవంక, నక్షత్రం, చుట్టూ ఏవో ఇంగ్లీషు అక్షరాలు. "టర్కీ! మన జవాన్ల మీదికి డ్రోన్లు ఇచ్చినోళ్ల కాయలు మన ఎల్లారెడ్డి బస్టాండుల అమ్ముతుండు. కావాలని తెచ్చిండు. సూసిన్రా, చందమామను సూసి తెచ్చిండు."

"నేను కామారెడ్డి మార్కెట్ల కొన్న మల్లేష్. ఎప్పుడు కొనేకాడనే కొన్న."

"యాడ కొన్నవని గాదు, యాడివి అని అడుగుతున్న."

వెనక నుంచి ఒకడు, "అన్నా, గా బట్టల దుకాణంల టర్కీ తువ్వాళ్లు గూడ ఉన్నయే," అన్నాడు.

"అవి షోలాపూర్‌వి రా, నోర్మూయ్," అన్నాడు మల్లేష్.

ఎవరూ నవ్వలేదు. తరువాత జరిగింది ఎవరు మొదలుపెట్టారో ఘనీ చూడలేదు. బండి ఒక పక్కకు లేచింది. పండ్లు గుట్టగా జారి, దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయాయి. లింగంపేట నుంచి వచ్చిన బస్సు ఆగకుండా వాటి మీంచే లోపలికి తిరిగింది. తీయటి వాసన గుప్పుమంది. మిగిలినవాటిని పిల్లగాండ్లు చెప్పుకాళ్లతో తొక్కుతూ "కాశ్మీర్ మనదే! కాశ్మీర్ మనదే!" అని అరిచారు.

ఘనీ కండ్లు బండి కింద గోనెపట్టా కప్పిన అట్టపెట్టె మీద ఉన్నాయి. ఆ పెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చేసిన ఊరు కాశ్మీరులోది. కోల్డ్ స్టోరేజీలో దాచిన అక్కడి సరుకు, మొన్ననే దిగిందని మండీ సేటు చెప్పి మరీ ఇచ్చాడు. అంటే వీళ్లు ఏది మనదని అరుస్తున్నారో దాన్నే తొక్కుతున్నారు. ఘనీ ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. చెబితే ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా కనబడింది. కాశ్మీరు పండు మీద ఆ స్టిక్కరు ఎట్లా వచ్చింది?

తెరిచిన నోరు మూసుకున్నాడు.

"శుక్రవారం పొద్దుగాల ఈడికే రావాలె," మల్లేష్ వేలు చూపించాడు. "చెవులు పట్టుకొని, టర్కీ మాల్ అమ్మిన, తప్పయింది అని ఫోన్ల చెప్పాలె. చెప్తే బండి పెట్టుకో. లేకుంటే ఈ జాగ మర్చిపో."

వాళ్లు పోయాక రాజన్న హోటల్ గడప దిగి వచ్చాడు. "ఘనీ, నేను నడిమిట్ల ఉండి మాట్లాడ్త. మల్లేష్ నా మాట కొంత ఇంటడు."

"వద్దు రాజన్నా. నాకూ వాళ్లకూ ఉన్న మాట ఇది. నడిమిట్ల ఎవరూ వద్దు."

చాయ్ తాగుతున్న ఒకడు పకపకా నవ్వాడు. "వీడు గూడ ఢిల్లీ లెక్కనే మాట్లాడవట్టె! మూడోడు వద్దంట!"

ఇంటికి పోయేసరికి భార్య కుల్సుంకు సంగతి తెలిసిపోయింది. ఆ వీడియో అప్పటికే వీధిలో ప్రతి ఫోనులోనూ ఉంది. ఆమె గోడకు ఆనుకొని, ఒడిలో చాట పెట్టుకొని కూర్చుంది. పెండ్లయిన నాటి నుంచి ఆ చాటలో తునికాకు, పొగాకు పెట్టుకొని బీడీలు చుట్టింది. కండ్లు మసకబారి బీడీలు మానేశాక చాటలోకి ఆపిల్ పండ్లు వచ్చాయి. బీడీకట్టకు లేబులు అంటించిన వేళ్లే పండుకు స్టిక్కరు అంటించడం మొదలుపెట్టాయి.

అది ఊరికే మొదలు కాలేదు. బండి దగ్గరికి వచ్చినవాళ్లు పండు పట్టి చూసి, "స్టిక్కర్ ఉన్నవి లేవా?" అని అడిగి పోయేవారు. ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా, చుట్టాలింటికి తీసుకుపోవాలన్నా స్టిక్కరు లేని పండు పండే కాదు. కామారెడ్డిలో ప్యాకింగు సామాన్లు అమ్మే దుకాణంలో స్టిక్కర్ల చుట్టలు దొరుకుతాయని తోటి బండివాడు చెప్పాడు. ఘనీ ఒక చుట్ట తెచ్చాడు. అవే పండ్లు, అదే బండి, ధర మాత్రం కాస్త పెరిగింది, బేరమాడేవాళ్లు తగ్గారు. మొదట్లో నమాజుకు నిలబడ్డప్పుడల్లా ఆ చుట్ట గుర్తొచ్చేది. కొన్నాళ్లకు గుర్తుకు రావడం మానేసింది. మానేసిన రోజే భయపడాల్సిందని ఇప్పుడనిపించింది.

"ఎప్పుడు తెచ్చే గద్దబొమ్మ స్టిక్కర్ల చుట్ట లేదన్నడు దుకాణపోడు," అన్నాడు ఘనీ. "ఇదే మిగిలిందన్నడు. బొమ్మ ఏందని నేను సూడలే."

"నేను సూసిన. ఎర్రగ మంచిగున్నదనుకున్న," అంది కుల్సుం. "నిజం చెప్పు. పండ్లు కాశ్మీరువి, స్టిక్కర్లు మా ఇంట్ల అంటించినవి అని చెప్పు. పెట్టె ఉన్నది గద, సూపెట్టు."

"చెప్తే దొంగనైత."

"చెప్పకుంటే దేశానికి దొంగవు. ఏది నయం?"

ఆమెకు తెలియనిది కాదు అతని బాధ. లింగంపేట దారిలో గుట్ట కింద ఉన్న చిన్న దర్గాలో దీపం పెట్టేది ఘనీయే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మొక్కు తీరితే అక్కడ కందూరు చేస్తారు. మేకను కోయించి, వండి, అన్నం కూర దర్గా ముందు పెట్టి ఫాతెహా ప్రార్థన చదివిస్తారు. ఆ తరువాతే బంతి భోజనాలు. చేసేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. చదివేది ఘనీ, అంతకుముందు అతని తండ్రి. నోరు శుభ్రంగా ఉన్నవాడు చదివితేనే మొక్కు ముడుతుందని వాళ్ల నమ్మకం. మోసం చేసిన నోరని తెలిసిపోతే ఆ నోటితో ఇక ఏం చదవాలి?

ఆ సాయంత్రమే సిద్ధిరాములు వచ్చాడు. మల్లేష్‌కు సొంత అన్న. ఈ ఎండాకాలం అతని పొలంలో బోరుకు నీళ్లు పడ్డాయి. పడితే కందూరు చేస్తానని వాళ్ల తల్లి మొక్కుకుంది. ఊరంతా ఆమెను పెద్దవ్వ అనే పిలుస్తారు. గురువారం కందూరని చెప్పిపోయి వారం కాలేదు. ఇప్పుడు గడపలోపలికి రాకుండా బయటే నిలబడ్డాడు.

"కూసో సిద్ధిరాములూ."

"కూసుండనీకి రాలే ఘనీ అన్నా." తలపాగ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "ఎల్లుండి కందూరుకు... నువ్వు రాకు. మావోడు లొల్లి చేస్తడు. నలుగురు వచ్చేకాడ ఎందుకని."

"మరి ఫాతెహా?"

"లింగంపేట నుంచి మేకను కోసేటాయనను పిలిచినం. ఫాతెహా సంగతి మల్లేష్ ఏదో చూస్తనన్నడు."

"ఏం చూస్తడు?"

"నాకేం తెల్వదే. అవ్వకు గూడ చెప్పలే నిన్ను వద్దన్నట్టు." అతను వెళ్లబోతూ ఆగాడు. "నువ్వెందుకు తెచ్చినవే గా కాయలు? మంచిగున్నోనివి."

కుల్సుం లోపలి నుంచి ఘనీ ముఖం వైపు చూసింది. ఇప్పుడన్నా చెప్తాడేమోనని. సిద్ధిరాములు చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది.

గురువారం ఘనీ దర్గాకు పోయాడు. పిలవకపోయినా గురువారం ఊదుబత్తి పెట్టడం అతని పని, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెట్టేసి వెనక గోడ నీడలో కూర్చున్నాడు. ముందు వైపు డేగిశాల చప్పుడు, పొయ్యి పొగ, ఆడవాళ్ల మాటలు. కోసినాయన తన పని చేసి ఎప్పుడో వెళ్లిపోయాడు. అన్నం, కూర, బెల్లం నెయ్యి కలిపిన మలీద తెచ్చి దర్గా ముందు పెట్టారు. జనం చేతులు కట్టుకున్నారు.

"చదివేటోడేడి?" అంది పెద్దవ్వ.

"అంతా తయారే అవ్వా." మల్లేష్ జేబులోంచి ఫోను తీసి, దర్గా మెట్టు మీద చెంబుకు ఆనించి నిలబెట్టాడు. వేలితో నొక్కాడు. ఎవరో దూరదేశపు మనిషి, మంచి గొంతు, ఫాతెహా మొదలుపెట్టాడు. వెనక గోడ దగ్గర ఘనీ తెలియకుండానే పెదవులు కదిపాడు. ఆ గొంతు సగం దాకా వచ్చి ఠక్కున ఆగింది. ఒక ఆడపిల్ల కిలకిలా నవ్వుతూ, మీ ఇంటి గోడలకు ఈ రంగే వేయించండి, పదేళ్లు వెలిసిపోదు అంది.

"ఆగవ్వా, ఇది పోతది, ఇది పోతది," మల్లేష్ ఫోను మీద ఎక్కడెక్కడో నొక్కుతున్నాడు.

"ఏందిరా అది? గోడలకు రంగులేసుకొమ్మని నేను మొక్కిన్నా? బోరు పడాలని మొక్కిన!" పెద్దవ్వ కర్ర ఎత్తి చెంబును కొట్టింది. ఫోను మెట్టు మీంచి దుమ్ములో పడింది. "ఘనీ ఏడి? వాడెందుకు రాలే?"

"వాడు టర్కీ కాయలు అమ్మిండవ్వా. వీడియో చూపెట్టిన గద నీకు."

"కాయల సంగతి నువ్వు నేను రేపు మాట్లాడుకుందం. మొక్కు నాది. చదవాల్సినోడు చదవకుంటే ఈ కూర ఒక్కడు ముట్టొద్దు. కాకులకు ఏస్త."

ఊదుబత్తి పొగ ఇంకా లేస్తూనే ఉంది. అది పెట్టినవాడు ఇక్కడే ఉంటాడని ఎవరో దర్గా వెనక్కి వచ్చి చూశారు. "అవ్వా, ఘనీ ఈన్నే ఉన్నడు!"

ఘనీ లేచి ముందుకు వచ్చాడు. ఎవరూ దారి ఇవ్వలేదు, అడ్డూ రాలేదు. మెట్టు దగ్గర నిలబడి తల మీద రుమాలు సర్దుకున్నాడు. కడుక్కున్న చేతులు ఎత్తాడు. ఎత్తిన చేతులు అట్లాగే ఆగిపోయాయి. ఆ గొంతు ఫోనులో సగంలో ఆగినందుకు వీళ్లంతా ముఖం చిట్లించారు. తన లోపల ఆగినదాన్ని ఎవరు చూస్తున్నారు? చూసేవాడొకడున్నాడు. ఆయన ముందే ఇప్పుడు నిలబడ్డాడు.

చేతులు దించాడు.

"అవ్వా, చదివేముందు ఒక మాట. మొన్న రోడ్డు మీద పోసినవి టర్కీ కాయలు గావు. కాశ్మీరువి. పెట్టె మా ఇంట్లున్నది, ఊరి పేరు దాని మీదున్నది. స్టిక్కర్లు కామారెడ్డిల చుట్ట కొని మేమే ఇంట్ల అంటించినం. మొన్ననే గాదు, చాన రోజుల సంది. స్టిక్కరుంటే మీరు ఎక్కువ ఇస్తున్నరని."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

సిద్ధిరాములు మెల్లగా అన్నాడు, "అంటే... మనయే తొక్కినమా?"

ఎవడో ముక్కుతో నవ్వాడు. ఆ నవ్వు మల్లేష్ మెడ మీద ఎర్రగా పాకింది. "ఏందన్నా, తొక్కినమా తొక్కినమా అంటవు? స్టిక్కర్ అంటించింది ఎవడు? వీడు గాదా? ఇన్నేండ్లు మనల్ని పిచ్చోళ్లను చేసిండు! అప్పుడెందుకు చెప్పలే? నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"నిజమే మల్లేష్. అప్పుడే చెప్పాల్సింది."

"నిజమే అంటే అయిపోయిందా!"

"ఆగురా." పెద్దవ్వ కర్ర ఆనించుకొని ఘనీ ముఖం దగ్గరికి వచ్చింది. "నా కంటి ఆపరేషనప్పుడు ఆస్పత్రికి పట్టుకొచ్చినవు, పైసలు గూడ తీసుకోలే. గవి?"

"గవి గూడ స్టిక్కరువే అవ్వా."

ఆమె అతన్నే చూసింది. పైసలు తీసుకోని పండు మీద కూడా అబద్ధం ఉందని తెలిసినప్పటి చూపు అది. మల్లేష్ తిట్లన్నీ కలిపినా అంత బరువు లేదు.

"చదువు," అంది చివరికి. "దేవుని ముంగట చెప్పుకున్నవు, అది ఆయన చూసుకుంటడు. నాకు నీ మీద కోపం ఉన్నది, ఉంటది. చదువు, అన్నం చల్లారుతున్నది."

ఘనీ చదివాడు. గొంతు రెండుచోట్ల తడబడింది గానీ ఆగలేదు. అయ్యాక మలీద పళ్లెం ఎత్తి అందరికీ పంచబోయాడు. పెద్దవ్వ దోసిలి పట్టింది. సిద్ధిరాములు తీసుకున్నాడు. మల్లేష్ దుమ్ములోంచి ఫోను తీసి తుడుచుకొని, పగిలిన అద్దం మీద వేలు రాస్తూ, బంతిలో కూర్చోకుండానే మోటరుసైకిలు ఎక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున ఘనీ బండి తోసుకొచ్చేసరికి వేపచెట్టు నీడలో ఆ మోటరుసైకిలే ఉంది. సరిగ్గా బండి చక్రాలు నిలబడి నిలబడి పడిన గుంతల మీద అడ్డంగా పెట్టి ఉంది. మల్లేష్ దాని మీద కూర్చొని ఉన్నాడు. వెనక పిల్లగాండ్లు లేరు. చేతిలో ఫోనూ లేదు, చెవులు పట్టుకోమని అడగనూ లేదు.

ఘనీ బండిని నీడ దాటించి ఎండలో పెట్టాడు. కాశ్మీరు పెట్టెను ముందుకు, అందరికీ కనబడేట్టు నిలబెట్టాడు. స్టిక్కర్లు లేని పండ్లు పేర్చి, పైన తడి గోనె కప్పాడు. అట్టముక్క మీద పాత ధర కంటే తగ్గించి రాసి పెట్టాడు.

చాలాసేపు ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు వీడియోలో చూసిన మనిషని గుర్తుపట్టి పక్కకు జరిగి పోయారు. నిన్నటి సంగతి తెలిసినవాళ్లు, "ఇప్పుడు చెప్తున్నదన్న నిజమేనా సాయబూ?" అని అడిగి, జవాబు వినకుండానే బస్సు ఎక్కారు. ఘనీకి ఆ ప్రశ్న మీద కోపం రాలేదు. అడిగే హక్కు వాళ్లకు తనే ఇచ్చాడు.

ఎండ నెత్తికెక్కే వేళకు చేతిలో టిఫిను డబ్బా పట్టుకొని ఒకామె వచ్చింది. గోనె ఎత్తి ఒక పండు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆస్పత్రికి తీస్కపోవాలె. స్టిక్కర్ ఉన్నవి లేవా?"

"లేవమ్మా. ఇవి కాశ్మీరువి. తిని సూడు."

"అయ్యో, అవొద్దు," అని ఆమె పండు పెట్టేసింది.

మోటరుసైకిలు మీంచి మల్లేష్ ఒక్క ఉదుటున దిగాడు. "ఏమమ్మా? కాశ్మీరువి ఎందుకొద్దు? కాశ్మీర్ మనది గాదా?"

ఆమె బెదిరిపోయి డబ్బా గుండెకు అదుముకుంది. "నేనేమన్న బాబూ? స్టిక్కర్ లేవని..."

"స్టిక్కర్ స్టిక్కర్! గీ స్టిక్కర్ కోసమే గద ఇంత లొల్లి! కొను! కొని పో!"

"మల్లేష్," అన్నాడు ఘనీ. "ఆమెను ఇడువు. పో తల్లీ, నువ్వు పో, బస్సొచ్చింది."

ఆమె వెనక్కి చూడకుండా పోయింది. మల్లేష్ ఘనీ వైపు తిరిగాడు. "నీకు మేలు చేస్తుంటే వద్దంటవేంది? సరే, ఇగ ఒక్కటి చెయ్యి. 'కాశ్మీర్ మనదే' అని పెద్ద బోర్డు రాయిస్త. బండికి కట్టు. నీ జాగ నీకు ఇడిచిపెడ్త. వీడియో గూడ నేనే తీస్త."

ఘనీ వేపచెట్టు నీడ వైపు చూశాడు. తండ్రి గంప పెట్టుకున్న నీడ. ఒక్క బోర్డు కడితే చాలు, సాయంత్రానికి మళ్లీ అందులో నిలబడవచ్చు. రాసేది అబద్ధమూ కాదు. అయితే ఆ చుట్టను మొదట ఇంటికి తెచ్చిన రోజు కూడా తను ఇట్లాగే అనుకున్నాడు, పండు మంచిదే కదా, పైన ఏం అంటిస్తే ఏం పోయిందని.

"ధర బోర్డు ఒక్కటే పెట్టుకుంట బిడ్డా," అన్నాడు. "పండు మీద ఏం అంటించను. బండి మీద గూడ అంటించను."

"అయితే ఎండల్నే సావు."

మల్లేష్ మోటరుసైకిలు తీయలేదు. తాళం చెవి జేబులో వేసుకొని సందులోకి పోయాడు. ఘనీ చెంబుతో నీళ్లు తీసి గోనె మీద చల్లాడు. మిగిలిన గుక్కెడు నీళ్లు తాగి, తల మీది రుమాలు కండ్ల మీదికి దించుకొని, కామారెడ్డి బస్సు దిగుతున్నవాళ్ల వైపు తిరిగి పిలవడం మొదలుపెట్టాడు.

"సేబులు! కాశ్మీరు సేబులు!"